గడ్డ లేని తుంగ

(మొక్కల మీద ఆసక్తి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఈ షీటును ఒకసారి ఎత్తి చూపిస్తాను. వెనక కూర్చున్నవారికి నాలుగు ఎండిన గడ్డిపోచలు కనిపిస్తాయి. ముందు వరుసవారికి కనిపించేదీ అంతే. కాబట్టి ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్నామే అని ఎవరూ బాధపడనక్కర్లేదు. (నవ్వులు)

ఇది దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి కాగితం. దాని మీద నాలుగు కాడలు, వాటి చివర గోధుమరంగు కంకులు, అడుగున కొన్ని ఆకులు. కాగితానికి కుడివైపు కింద ఒక లేబుల్. దాని పైన వేర్వేరు చేతిరాతల్లో రెండు చీటీలు. ఎడమవైపు పైన చిన్న కాగితపు పొట్లం. ఇది హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను కాగితాల మీద అతికించి దాచే చోట, ఉండే తుంగ నమూనా. కనీసం తుంగ అని మేం అనుకుంటున్నాం. ఆ ‘అనుకుంటున్నాం’ గురించే ఇవాళ నా మాటలన్నీ.

తుంగను మీకు పరిచయం చేయనక్కర్లేదు. మీరు పీకే ఉంటారు, అది మళ్లీ మొలిచే ఉంటుంది. శాస్త్రీయ నామం సైపరస్ రొటుండస్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టాడు. 1977లో ప్రపంచంలోని కలుపు మొక్కలన్నిటినీ పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, 92 దేశాల్లో 52 రకాల పంటలను ఇది పీడిస్తోందని లెక్క తేల్చి, కలుపుల్లో మొదటి స్థానం దీనికే ఇచ్చింది. మందుల జాబితాల్లో తుంగముస్తలు అని కనిపించేవి దీని గడ్డలే. ఒకరికి మందు, ఒకరికి శనిగ్రహం.

అందరూ దీన్ని గడ్డి అంటారు కానీ ఇది గడ్డి కాదు. తుంగ కుటుంబం వేరు, గడ్డి కుటుంబం వేరు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పండి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది. తుంగ కాడ దొర్లదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. ఆకులు కూడా కాడ చుట్టూ మూడు వరుసల్లో వస్తాయి. ఆకు అడుగుభాగం కాడను గొట్టంలా పూర్తిగా చుట్టేసి ఉంటుంది. ఈ కుటుంబంలో దాదాపు 5,500 జాతులున్నాయి. అందులో కేరెక్స్ అనే ఒక్క ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటాం) రెండు వేల దాకా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. నిజం చెప్పాలంటే దగ్గర నుంచి చూసినా మొదటి రెండేళ్లు నాకు ఒకేలా ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ షీటు దగ్గరికి రండి. కాడల అడుగు చూడండి. నాలుగూ ఒకేచోట తెగి ఉన్నాయి. వేళ్లు లేవు, గడ్డలు లేవు. నేలలో ఉండవలసింది నేలలోనే ఉండిపోయింది.

ఇది సేకరించిన మనిషి బద్ధకం అని నేను చాలాకాలం తిట్టుకున్నాను. తరువాత ఒకరోజు నేనే వెళ్లి పీకాను. అప్పుడు అర్థమైంది. తుంగ మొక్క అడుగున చిన్న ఉబ్బు ఉంటుంది. దాని నుంచి సన్నని తీగలు నేలలో అడ్డంగా పాకుతాయి. తీగ కొంతదూరం వెళ్లి ఒక గడ్డ వేస్తుంది. ఆ గడ్డ నుంచి మళ్లీ తీగ, మళ్లీ గడ్డ. పూసలదండలాగా వరుసగా సాగుతుంది. తీగ ముదిరేకొద్దీ పైపొర కుళ్లి ఊడిపోతుంది, లోపలి నార మాత్రం ఇనుప తీగలా నల్లగా మిగులుతుంది. మీరు పైన పట్టుకుని లాగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. చేతికి ఆకులొస్తాయి, దండ నేలలో ఉంటుంది. అంతవరకూ దండలో ముందున్న మొక్క వెనకున్న గడ్డలను మొలకెత్తనీయకుండా అణచి ఉంచుతుంది. మీరు తెంపిన క్షణాన ఆ అదుపు పోతుంది. ఒకటి పీకినచోట నాలుగు లేస్తాయి.

అంటే రైతును ఓడించే ఉపాయమే హెర్బేరియాన్నీ ఓడిస్తోంది. మొక్క బతకడానికి తెగిపోతుంది. తెగిపోయింది కనుక మనకు దాని సగమే చేరుతుంది. ఆ సగంలో అసలు ఆనవాలు లేదు.

అసలు ఆనవాలు ఎందుకు గడ్డలోనే ఉందో చెబుతాను. దీనికి ఒక దగ్గరి బంధువు ఉంది, సైపరస్ ఎస్క్యులెంటస్. అదీ కలుపే. దాని తీగ కూడా నేలలో పాకుతుంది, కానీ ఒక తీగకు చివర ఒకే గడ్డ. దండ ఉండదు. ఆ గడ్డ నునుపుగా, తియ్యగా ఉంటుంది. మన తుంగ గడ్డ గరుకుగా, చేదుగా, ఘాటైన వాసనతో ఉంటుంది. పైభాగంలోనూ తేడాలున్నాయి. తుంగ చిరుకంకులు ఎర్రటి గోధుమరంగులో ఉంటాయి, రెండోదానివి బంగారు పసుపులో. తుంగ ఆకు కొన దగ్గర చటుక్కున సన్నబడుతుంది, రెండోదానిది సాగదీసినట్టు నెమ్మదిగా. పొలంలో పచ్చిగా ఉన్నప్పుడు ఈ తేడాలు బాగానే కనిపిస్తాయి. ఎనభై ఏళ్లు బీరువాలో ఉన్న షీటు మీద చూస్తే? రంగులన్నీ పాత వార్తాపత్రిక రంగుకు చేరుకుంటాయి. ఆకు కొనలు విరిగి పొట్లంలోకి చేరతాయి.

అలాంటప్పుడు చేసే పని ఒకటుంది. ఆ పొట్లం విప్పుతాం. రాలిన ముక్కలు పారేయకుండా దాచడానికే అది ఉన్నది. అందులోంచి ఒక్క చిరుకంకిని శ్రావణంతో తీసి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క వేడినీళ్లు వేస్తాం. నీటిలో ఇసుమంత సబ్బు కలిపితే త్వరగా నానుతుంది. రెండు నిమిషాలకు బిగుసుకుపోయిన పొలుసులు కాస్త వదులవుతాయి. సూదితో ఒక్కొక్కటి పక్కకు జరిపి భూతద్దం కింద చూస్తాం. అదృష్టం బాగుంటే కీలాగ్రం, అంటే పువ్వులో పుప్పొడిని పట్టే కొన, మూడు పాయలుగా చీలి కనిపిస్తుంది. ఇంకా బాగుంటే మూడు పలకల చిన్న కాయ దొరుకుతుంది. కానీ తుంగ విషయంలో ఆ రెండో అదృష్టం అరుదు. అది గడ్డలతో పాకిపోవడానికే అలవాటుపడింది, మొలకెత్తే గింజ పట్టడం తక్కువ. గింజ పట్టని మొక్కను గింజతో గుర్తుపట్టమంటే ఎలా?

కేరెక్స్ జాతులతో పని చేసేవారికి దీనికి తిరగబడ్డ కష్టం. వాటిలో కాయ చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచి ఆకారం, దాని ముక్కు పొడవు, మీది ఈనెలు చూడకుండా జాతి చెప్పడం చాలాసార్లు కుదరదు. పూత మీద ఉన్నప్పుడు సేకరించి, ‘చాలా అందమైన నమూనా’ అని మురిసిపోతూ పంపేవారున్నారు. అందమైనదే, ఏమిటో మాత్రం తెలియదు. కాయ ముదిరి రాలడానికి ముందు ఉండే కొద్ది వారాల్లో సేకరించినదే పనికొస్తుంది.

ఇక లేబుల్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో షీటు మీద అన్నిటికన్నా విలువైన వస్తువు మొక్క కాదు, ఈ అరచేయంత కాగితం. లేబుల్ లేని మొక్క ఎండుగడ్డి. మొక్క లేని లేబుల్ కనీసం ఒక వార్త.

ఈ లేబుల్ మీద ఏముందో చదువుతాను. మొక్క పేరు. ‘కాలువ గట్టు, తడి నేల.’ ‘సాధారణం.’ ఒక తేదీ. సేకరించిన వ్యక్తి పేరు. ఆ పేరు పక్కన ఒక సంఖ్య, 413. అంతే. ఏ కాలువ? రాయలేదు. ఎంత సాధారణం? రాయలేదు. ఆ మనిషికి ఆ కాలువ తెలుసు, ఆ రోజు అక్కడ నిలబడ్డాడు. వందేళ్ల తరువాత మరొకరు చదువుతారన్న ఊహ వచ్చి ఉండదు.

అయితే ఆ 413ను తక్కువగా చూడకండి. సేకరించేవారు తాము తీసిన ప్రతి నమూనాకూ జీవితమంతా వరుసగా ఒక సంఖ్య ఇచ్చుకుంటూ పోతారు. మళ్లీ ఒకటితో మొదలుపెట్టరు, కనీసం మంచివారు మొదలుపెట్టరు. అందుకని 412, 414 సంఖ్యల షీటులు ఎక్కడున్నాయో వెతికితే చాలు, మన షీటు సంగతి బయటపడుతుంది. ఆ రెండూ ఒకే రోజు, ఒకే ఊరి దగ్గర చెరువు కింద తీసినవైతే మన కాలువ కూడా ఆ చెరువుదే అయి ఉండాలి. ఒకసారి ఇలాగే వెతుకుతుంటే ముందు సంఖ్యా, వెనక సంఖ్యా ఒకే ఏడాది ఆగస్టులో ఉన్నాయి, మధ్యది మాత్రం రెండేళ్లు వెనక ఉంది. మనిషి కాలంలో వెనక్కి వెళ్లి ఒక్క తుంగ మొక్క తీసుకుని తిరిగి రాలేదు కదా. లేబుల్ టైపు చేసినవారు ఒక అంకె తప్పు కొట్టారు. ఆయన నోటుపుస్తకం దొరికాక చూస్తే అదే తేలింది. ఇలాంటిది దొరికిన రోజు నాకు రాత్రి నిద్ర బాగా పడుతుంది.

తేదీల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. 3-4-32 అని ఉంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? అందుకే వృక్షశాస్త్రవేత్తలు చాలామంది నెలను రోమన్ అంకెల్లో రాసేవారు. చిన్న అలవాటు, ఎంత గొడవ తప్పించిందో. 32 అంటే ఏ శతాబ్దం అన్నది మాత్రం కాగితం చూసి, సిరా చూసి, మనిషి ఎప్పుడు బతికాడో చూసి చెప్పుకోవాలి. షీటుకు అతికించకుండా పాత వార్తాపత్రిక మడతలోనే ఉండిపోయిన మొక్కలకు ఆ పత్రిక తేదీ కూడా ఒక సాక్ష్యం. ఆ తేదీకి ముందు మొక్క ఆ మడతలోకి వెళ్లలేదు. కానీ మొక్క ఆరేవరకూ కాగితాలు మారుస్తూనే ఉంటారు కనుక, ఆ సాక్షి చెప్పింది కూడా సగమే నమ్మాలి.

చరిత్ర రెండు ముక్కల్లో ముగిస్తాను. మొక్కలను కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి దాచే పద్ధతికి ఆద్యుడిగా ఇటలీకి చెందిన లూకా గీని పేరు చెబుతారు. ఆయన కాలం 1490 నుంచి 1556. అప్పట్లో ఆరిన మొక్కలను పుస్తకంగా కుట్టేసేవారు. కుట్టాక వరుస మారదు. లిన్నేయస్ వాటిని విడి కాగితాలుగా బీరువాలో పెట్టుకున్నాడు. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, మొక్క గురించి అభిప్రాయం మారినప్పుడు దాని చోటు కూడా మార్చవచ్చు అన్న ఏర్పాటు అందులో ఉంది. ఆయన ఆసియా మొక్కలు చాలావాటిని కళ్లతో చూసింది ఇలాంటి కాగితాల మీదే. పాల్ హెర్మన్ అనే వైద్యుడు 1670లలో సింహళంలో సేకరించిన సంపుటాలు డెబ్బై ఏళ్ల తరువాత లిన్నేయస్ చేతికి వచ్చాయి. ఆయన శిష్యుడు కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి మొక్కలు ఏరి ఐరోపాకు పంపాడు. అందులోని తుంగలను చూసే కోపెన్‌హాగెన్‌లో రోట్‌బోల్ 1773లో ఎన్నో కొత్త జాతులను వర్ణించాడు. కోనిగ్ చివరికి 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసింది మరో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. అదంతా వేరే ప్రసంగం, మళ్లీ పిలిస్తే చెబుతాను.

షీటు మీద రెండు చీటీలు ఉన్నాయన్నాను కదా. ఒకటి యాభై ఏళ్ల కిందటిది. అందులో ‘సైపరస్ రొటుండస్’ అని ఉంది. దాని పైనున్న రెండోది తరువాతి కాలానిది, ‘సైపరస్ ఎస్క్యులెంటస్?’ అని, పక్కన ప్రశ్నార్థకంతో. మొదటి చీటీని రెండో మనిషి తీసేయలేదు. తీయకూడదు. హెర్బేరియంలో పాత అభిప్రాయాన్ని చింపడం మహాపాపం. దాని పైన మీ అభిప్రాయం, మీ పేరు, తేదీ రాసి అతికించాలి. కొన్ని షీటుల మీద ఏడెనిమిది చీటీలుంటాయి. చదువుతుంటే పెద్దమనుషుల పంచాయితీ నడుస్తున్నట్టు ఉంటుంది, ఒకరు చనిపోయిన నలభై ఏళ్లకు మరొకరు జవాబు చెబుతుంటారు.

చీటీ మారిన ప్రతిసారీ ఎవరో పొరబడ్డారని అనుకోకండి. ఒక్కోసారి మొక్క అదే, గుర్తించిన తీరు సరైనదే, పేరే మారుతుంది. కిలింగా, పిక్రియస్ అని వేరుగా ఉండిన ప్రజాతులు, డీఎన్ఏ పరిశోధనల తరువాత సైపరస్‌లో కలిసిపోయాయి. బీరువాల నిండా కిలింగాలు ఉన్నాయి, వాటికి కొత్త చీటీలు వేయాలి. మాకు పనికి కరువు లేదు.

కానీ అసలు పొరపాట్లూ తక్కువేమీ కాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో అల్లం కుటుంబానికి చెందిన ఆఫ్రమోమమ్ అనే ఆఫ్రికా ప్రజాతి నమూనాలు దాదాపు 4,500 పరిశీలించారు. నిపుణులు సమగ్రంగా సవరించక ముందు వాటిలో కనీసం 58 శాతం మీద తప్పు పేరు ఉంది. అదే పరిశోధనలో మరో లెక్క: ఒకే చెట్టు నుంచి తీసి వేర్వేరు హెర్బేరియాలకు పంచిన నమూనాలు చూస్తే, దాదాపు 29 శాతం ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉన్నాయి. ఒకే కొమ్మ ముక్కలండీ అవి! తుంగల మీద అలాంటి లెక్క వేస్తే ఎంత తేలుతుందో నేను పందెం కాయను. కాస్తే మాత్రం అంతకన్నా తక్కువ అని కాయను.

ఇప్పుడు ఈ షీటు కంప్యూటర్‌లోకి వెళుతుంది. ప్రపంచంలో మూడున్నర వేల హెర్బేరియాల్లో దాదాపు 40 కోట్ల నమూనాలున్నాయి. వాటిని ఫొటో తీసి, లేబుళ్లు టైపు చేసి అందరికీ అందుబాటులో పెట్టే పని చాలాచోట్ల జోరుగా సాగుతోంది. 2001లో మొదలైన జీబిఫ్ అనే అంతర్జాతీయ వేదికలో మొక్కలూ జంతువులూ అన్నీ కలిపి రికార్డులు 200 కోట్లు ఎప్పుడో దాటాయి. నేను దీనికి వ్యతిరేకిని కాను. వేల మైళ్ల దూరంలో ఉన్న షీటును కూర్చున్నచోట చూడగలుగుతున్నాను, నా యవ్వనంలో దాని కోసం ఆరు నెలలు ఉత్తరాలు రాయాల్సి వచ్చేది.

నా పేచీ అంతా గడులతో. కాగితం మీద ఖాళీ స్థలం ఖాళీగా ఉండగలదు. పట్టికలో గడి ఖాళీగా ఉంటే చూసేవారికి చేతులు ఆగవు. ఒకచోట, ఎక్కడో చెప్పను, అక్షాంశ రేఖాంశాలు లేని షీటులన్నిటికీ ఆ రెండు గడుల్లో సున్నా, సున్నా అని కొట్టారు. ఖాళీ వదిలితే ప్రోగ్రాం ముందుకు వెళ్లనివ్వడం లేదట. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం ఎక్కడ కలుస్తాయో తెలుసా? ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో, నడి సముద్రంలో. మ్యాపు తెరిచి చూస్తే అక్కడ నీళ్లలో తుంగ దట్టంగా పెరుగుతోంది. (నవ్వులు) నవ్వి ఊరుకోవచ్చు, ఎందుకంటే ఇది కనబడే తప్పు. జిల్లా పేరు ఒక్కటే ఉంటే, ఆ జిల్లా నడిబొడ్డున ఒక చుక్క పెట్టడం కనబడని తప్పు. ఆ చుక్క నేల మీదే ఉంటుంది, నమ్మేలా ఉంటుంది. ఎవరో పరిశోధక విద్యార్థి దాన్ని తీసుకుని, ఆ చుక్క దగ్గర వర్షపాతం ఎంతో, మట్టి ఎలాంటిదో చూసి, తుంగకు ఇలాంటి వాతావరణం ఇష్టం అని రాస్తాడు. నిజానికి మొక్క అక్కడికి నలభై కిలోమీటర్ల అవతల కాలువలో ఉంది.

దీనికి మందు లేకపోలేదు. చుక్కతో పాటు దాని చుట్టూ ఎంత దూరం వరకు పొరపాటు ఉండవచ్చో మీటర్లలో రాయాలి. నలభై వేల మీటర్లు అని రాయడానికి సిగ్గుపడకూడదు. ఆ గడిలో సున్నా రాయడానికి మాత్రం వీల్లేదని రికార్డుల ప్రమాణాలే చెబుతున్నాయి. సున్నా పొరపాటుతో ఎక్కడున్నామో చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

ఇంకో గడి, తేదీ. లేబుల్ మీద ఏడాది మాత్రమే ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు దానంతటదే జనవరి 1 అని నింపేస్తాయి. తరువాత ఎవరైనా పూత కాలం గురించి పట్టిక గీస్తే, జనవరి 1న ఒక్కసారిగా పెద్ద స్తంభం లేస్తుంది. ప్రపంచమంతా కొత్త సంవత్సరం పొద్దున్నే లేచి తుంగ ఏరడానికి బయలుదేరినట్టు. హెర్బేరియం తేదీలను బట్టి మొక్కలు ముందుకన్నా త్వరగా పూస్తున్నాయా అని చూసే పరిశోధనలు చాలా జరుగుతున్నాయి, ఫలితాలూ విలువైనవి. అందుకే ఈ చిన్న విషయానికి నాకు కోపం వస్తుంది.

ఒకే సేకరణ ముక్కలు పలుచోట్లకు పంచుతారని చెప్పాను. అవి అయిదు చోట్ల ఉంటే అయిదు చోట్లా రికార్డు అవుతాయి, మ్యాపు మీద అయిదు మొక్కలవుతాయి. ఈ చికాకు ఉన్నా పంచడం మానేయమని నేను అనను. 1943 మార్చి 1 రాత్రి బెర్లిన్ హెర్బేరియం మీద బాంబులు పడ్డాయి, అక్కడి నమూనాల్లో చాలా భాగం తగలబడింది. ఆ రోజు పోయినవాటిలో కొన్నిటికి మిగిలింది వేరే ఊళ్లకు పంచిన ముక్కలు. ఇంకొన్నిటికి, అమెరికా నుంచి మెక్‌బ్రైడ్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చి 1929 నుంచి తీసి ఉంచిన ఫొటోలు మాత్రమే.

ఎండిన ఆకులు దాచుకుంటే ఏమొస్తుంది అని అడిగేవారికి నేను రెండు సంగతులు చెబుతాను. 1987లో వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త హెర్బేరియంలోని చెట్ల ఆకులను సూక్ష్మదర్శినిలో చూసి, రెండు వందల ఏళ్లలో ఆకు మీద పత్రరంధ్రాల (ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాల) సాంద్రత దాదాపు 40 శాతం తగ్గిందని చూపించాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడాన్ని ఆకు తన ఒంటి మీద రాసుకుంది. రెండోది, 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసిన తెగులు ఏ రకమో 2013లో తేల్చారు. ఎలా? ఆ కాలపు తెగులు సోకిన ఆకులను ఎవరో ఎండబెట్టి దాచారు. దాచినవారికి డీఎన్ఏ అన్న మాటే తెలియదు.

మన తుంగకు అలాంటి అదృష్టం పట్టకపోవడానికి ఒక కారణం అది మరీ సామాన్యం కావడం. అరుదైన మొక్క కనబడితే సేకర్త ఎగిరి గంతేసి తీస్తాడు. తుంగ కనబడితే దాటి వెళతాడు. ఒక ప్రాంతం నుంచి షీటులు లేకపోతే అక్కడ తుంగ లేదని కాదు, అక్కడికి వెళ్లినవారికి అది లెక్కలోకి రాలేదని. పైగా సేకర్తలు దారి పక్కన ఎక్కువ ఏరుతారు, బండి దిగినచోట ఏరుతారు. మ్యాపు మీద తుంగ చుక్కలు రహదారుల వెంట సాగుతుంటే, అందులో తుంగ స్వభావం ఎంతో మనుషుల స్వభావం కూడా అంతే ఉంటుంది.

చివరికి ఈ షీటును ఏం చేశానో చెప్పి కూర్చుంటాను. చిరుకంకి నానబెట్టాను, కీలాగ్రాలు మూడు ఉన్నాయి, రెండు జాతుల్లోనూ మూడే ఉంటాయి. కాయ లేదు. రంగు వెలిసిపోయింది. ఒక ఆకు కొన మాత్రం పొట్లంలో దొరికింది, చటుక్కున సన్నబడినట్టే ఉంది, కానీ అది ఏ మొక్కదో, అదే షీటుదో కాదో ఎలా ప్రమాణం చేయను? మూడో చీటీ రాశాను: ‘సైపరస్. జాతి నిర్ధారించడం కుదరలేదు. నేలలోపలి భాగం లేదు.’ పేరు, తేదీ. మా దగ్గర ఒక యువ సహోద్యోగి బాధపడ్డాడు. నిర్ధారణ అయిన షీటుల సంఖ్య నివేదికలో చూపించాలి, మీరు ఒకటి తగ్గించారు అన్నాడు. అవును, ఒకటి తగ్గించాను. యాభై ఏళ్లుగా ఆ సంఖ్య ఒకటి ఎక్కువ ఉంది.

(ప్రసంగం తరువాత సభికులు అడిగిన ప్రశ్నల్లో మూడు)

డీఎన్ఏ పరీక్ష చేస్తే తేలిపోతుంది కదా?

చాలాసార్లు తేలుతుంది. పాత షీటుల్లో డీఎన్ఏ చిన్న చిన్న తునకలుగా విరిగి ఉంటుంది, అయినా చదివే పద్ధతులు వచ్చాయి. కానీ దానికోసం షీటు నుంచి కొంత కత్తిరించాలి, కత్తిరించింది తిరిగి రాదు. ఇంకొక చిక్కు ఉంది. వచ్చిన డీఎన్ఏను దేనితో పోలుస్తారు? ఎవరో ఇదివరకు ‘ఇది తుంగ’ అని పేరు పెట్టిన నమూనాతో. ఆ నమూనాకు గడ్డ ఉందా అని నేను అడుగుతాను. (నవ్వులు)

ఫోనుతో ఫొటో తీసి పంపితే సరిపోదా?

రంగుకు ఫొటో చాలా మంచిది, షీటు చేయలేని పని అది. తేదీ, స్థలం కూడా ఫోను తనే రాసుకుంటుంది, మన సేకర్త కన్నా బుద్ధిగా. కానీ ఫొటోను నానబెట్టి పొలుసులు విప్పలేం. రెండూ కావాలి.

మేం సేకరించాలంటే ఎలా తీయాలి?

మొదటి మాట, లాగవద్దు. మొక్కకు జానెడు దూరంలో చుట్టూ గునపంతో తవ్వి, మట్టి గడ్డతో సహా పైకి తీయండి. బకెట్ నీళ్లలో మట్టి కరగనివ్వండి, దండ తెగకుండా బయటికి వస్తుంది. లావుగా ఉన్న గడ్డలను నిలువునా రెండుగా కోయండి, లేకపోతే ఆరే లోపు బూజు పడతాయి. షీటు కన్నా పొడవుగా ఉంటే కాడను తుంచవద్దు, మధ్యలో వంచండి. కాగితాలు రోజూ మార్చండి. చిరుకంకుల రంగు, గడ్డ వాసన అప్పటికప్పుడు పుస్తకంలో రాయండి, ఇంటికి వెళ్లాక రాద్దాం అనుకోవద్దు. కాలువ పేరు రాయండి, దయచేసి.

(వెనక నుంచి ఒకరు: ఎంత తవ్వినా గుంతలో కొన్ని గడ్డలు మిగిలిపోతాయి కదండీ, వాటిని ఏం చేయాలి?)

మీరు ఏమీ చేయనక్కర్లేదు. కొద్ది రోజుల్లో అవే మొలుస్తాయి. రెండో షీటుకు పనికొస్తాయి, సంఖ్య మాత్రం కొత్తది వేయండి.